అన్ని గిన్నెలూ మోగిన రోజు

ఆ ఆదివారం పొద్దున పెద్దాయన చేతిలో ఉన్న ఆస్తి ఇంతే: పింగాణీ దుకాణంలో సగం వాటా, ఆ దుకాణాన్ని నిలబెట్టిన పేరు, పై వాటాలో కాపురం ఉంటున్న తమ్ముడు. చీకటిపడేసరికి ఇందులో ఏది మిగులుతుందో చెప్పడం కష్టం. అనుభవం ఉన్న వ్యాపారి ఇలాంటప్పుడు పోబోయేదాని గురించి ఏడవడు. చేతికి అందినదాన్ని గట్టిగా పట్టుకుంటాడు.

ఆయన చేతికి అందింది టీ గ్లాసు.

హాలు మధ్యలో అట్టపెట్టెలు ఉన్నాయి. క్యాంటీన్ నుంచి తిరిగొచ్చిన సూపు గిన్నెలవి. తమ్ముడు వాటిని దుకాణంలో దింపకుండా ఇంట్లో, సరిగ్గా నడిచే దారిలో దింపించాడు. వంటింట్లోకి వెళ్ళాలన్నా, వీధిలోకి వెళ్ళాలన్నా వాటిని దాటుకునే వెళ్ళాలి. సరుకు ఎక్కడ పెడితే కంటపడుతుందో వ్యాపారి ఇంట్లో పుట్టినవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు.

"ఒకటి తీసి చూడన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

మెట్లమీద ఆఖరి మెట్టున అతని భార్య కూర్చుంది. చేతులు కట్టుకుని, సాక్ష్యానికి వచ్చినట్టు.

పెద్దాయన ఒక గిన్నె తీశాడు. అంచునుంచి అడుగుదాకా వెంట్రుకంత నెర్రె. అందులోకి సూపు ఇంకి, గీత గోధుమరంగులో పైకి తేలింది. ఇప్పుడు గుడ్డివాడికి కూడా కనిపిస్తుంది. పంపించేటప్పుడు మాత్రం ఎవరి కంటికీ కనపడేది కాదు. చెవికి తెలియాలి.

"ఇలాంటిదే ఒకటి బల్లమీద పెట్టేలోపే రెండు ముక్కలైందట. వేడి వేడి సూపు. ఎవరి ఒళ్ళో పడిందో తెలుసా? ఆ ఆఫీసు మేనేజరు ఒళ్ళో. క్యాంటీన్ నడిచేది ఆయన సంతకం మీద."

"కాలిందా?"

"ప్యాంటు పాడైంది. ఒళ్ళు దక్కింది. నా పరువే దక్కలేదు."

పెద్దాయన గిన్నెను మళ్ళీ పెట్టెలో పెట్టాడు. పెట్టేటప్పుడు పక్కదానికి తగిలి టక్కుమంది. ఈమధ్య ఏ చిన్న చప్పుడైనా ఆయన చెవిలో సూదిలా దిగుతోంది. మొహం చిట్లించుకున్నాడు. తమ్ముడు ఆ చిట్లింపు చూసి దాన్ని తన లెక్కలో వేసుకున్నాడు.

"పొరపాటు జరిగింది," అన్నాడు పెద్దాయన.

"నీకా? పొరపాటా? బజారులో నిన్ను టంగు మామయ్య అని ఊరికే అనరు కదా. నువ్వు కొట్టి, మోత విని పక్కన పెట్టిన గిన్నెను కంపెనీవాడు కూడా మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకుంటాడు. నీ చెవి తప్పు చేయదన్నయ్యా. అందుకే అడుగుతున్నాను, తప్పు చేసింది ఏది?"

"ఏమిటి నీ ఉద్దేశం?"

"నా ఉద్దేశం కాదు, నువ్వు చేసినవే చెబుతాను. మొన్న దుకాణంలో నీ పక్కనే నిలబడి పిలిచాను, తలెత్తలేదు. భోజనాల దగ్గర మా పిల్ల పాట పాడుతుంటే కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయావు. చలిలో కూడా ఫ్యాను ఎందుకు తిరుగుతోందని మా ఆవిడ అడిగితే వదిన మొహం తిప్పుకుంది. ఆఖరికి ఇది. నా అంతట నేను తెచ్చిన మొదటి బేరం ఆ క్యాంటీన్. మిగతా ఖాతాదారులందరూ నాన్న తెచ్చినవాళ్ళో, నువ్వు తెచ్చినవాళ్ళో. వాళ్ళెవరికీ చెడ్డ గిన్నె పోలేదు. నావాడికే పోయింది. కలిపి చూస్తే ఏం తేలుతుంది?"

"నువ్వే చెప్పు."

"నేను వేరుపడాలని నీకుంది. నోటితో అనలేక గిన్నెలతో అన్నావు."

మెట్లమీదావిడ తలవంచుకుంది. ఈ మాట పై వాటాలో చాలాసార్లు సాధన చేసిందేనని ఆ తలవంపే చెప్పింది.

పెద్దాయన నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు. చెప్పడానికి ఒక్క మాట ఉంది. ఆ మాట బయటికొస్తే తమ్ముడు ఉంటాడేమో గానీ పేరు ఉండదు.

"సరే," అన్నాడు తమ్ముడు. "పక్క వీధిలో ఒక షట్టరు చూసి పెట్టుకున్నాను. రేపు మాట ఇచ్చేస్తాను. ఈలోగా క్యాంటీన్ ఆయన దుకాణానికి వస్తానన్నాడు. ఆయన ముందు నువ్వే ఈ గిన్నెలు కొట్టి, ఏవి మంచివో ఏవి చెడ్డవో తేల్చు. నా బేరాన్ని నువ్వే పాడుచేశావు, నువ్వే బాగుచెయ్యి. తరవాత ఎవరి దారి వాళ్ళది."

వంటింట్లో పెద్దాయన భార్య సింకు దగ్గర నిలబడి, కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది. కుళాయి సన్నగా పారుతోంది. ఈమధ్య ఆ ఇంట్లో ఏదో ఒకటి పారుతూనో తిరుగుతూనో ఉంటుంది. పడకగదిలో ఫ్యాను గోడవైపు తిరిగి ఉంటుంది. రేడియో రెండు స్టేషన్ల మధ్య ఎక్కడో ఆగి సముద్రంలా హోరుమంటుంది. చుట్టూ చిన్న చప్పుడు ఉంటే చెవిలో చప్పుడు కాస్త వెనక్కి జరుగుతుంది. పూర్తిగా పోదు, పక్కింట్లోకి వెళ్ళి కూర్చుంటుంది.

ఆ మోత మొదలైన పొద్దున ఆయన దాన్ని ఫ్రిజ్ అనుకున్నాడు. ప్లగ్గు పీకేశాడు. మోత ఆగలేదు. మీటరు అనుకుని మెయిన్ దించాడు. ఇల్లంతా చల్లబడి, ఊపిరి కూడా వినిపించేంత నిశ్శబ్దం అయ్యాక, ఆ సన్నటి గీత ఇంకా స్పష్టంగా, ఎక్కడినుంచో కాదు, తన తలలోనుంచే వస్తోందని తెలిసింది. ఆ క్షణాన నిలబడ్డచోటే కూర్చుండిపోయాడు.

చెవి డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసింది. లోపల గడ్డలు లేవు, ప్రమాదం లేదు, సన్నటి శబ్దాలు వినే శక్తి కొంచెం తగ్గింది, తగ్గినచోట మెదడు తనంతట తాను ఒక మోత అల్లుకుంటోంది అంది. దానికి టినిటస్ అని పేరు చెప్పింది. ఎప్పుడు పోతుందని ఆయన అడిగితే, "మోత పోతుందని మాట ఇవ్వలేను. దాన్ని పట్టించుకోవడం పోతుంది. నిశ్శబ్దంలో కూర్చుని దానికోసం వెతక్కండి," అంది. సరుకుకి గ్యారంటీ అడిగేవాడిలా ఆయన ఎన్ని రకాలుగా తిప్పి అడిగినా ఆవిడ ఆ మాట దాటి ఒక్క మాట ఎక్కువ ఇవ్వలేదు. గట్టి మనిషి అనుకుంటూ బయటికొచ్చాడు.

ఆ సంగతి ఇంట్లో భార్య ఒక్కతెకే తెలుసు.

"విన్నావుగా?" అన్నాడు.

"హాల్లో అరిస్తే వంటింట్లో వినపడదా? నా చెవులు బాగానే ఉన్నాయి." తిరక్కుండానే అంది. "ఇప్పటికైనా చెప్పండి."

"చెప్తే?"

"చెప్తే మీ చెవి పాడైందని తెలుస్తుంది. చెప్పకపోతే మీ బుద్ధి పాడైందనుకుంటారు. ఏది నయం?"

"బుద్ధి పాడైందనుకుంటేనే నయం." ఆయన నిజంగానే లెక్క వేసుకుని వచ్చాడు. "తమ్ముడిమీద కుళ్ళుతో చేశాననుకుంటే తమ్ముడొక్కడే పోతాడు. బజారువాళ్ళు అన్నదమ్ముల గొడవలు ఎన్ని చూడలేదు? రెండు రోజులు మాట్లాడుకుని మర్చిపోతారు. టంగు మామయ్యకి చెవి పోయిందంటే మాత్రం మర్చిపోరు. మన దుకాణానికి వచ్చేది పింగాణీ కోసం కాదు. పింగాణీ ఆ వీధి పొడుగునా దొరుకుతుంది. నా చెవికోసం వస్తారు."

ఆవిడ కుళాయి కట్టేసింది. వెంటనే మోత ముందుకొచ్చి కూర్చుంది. ఆయన మొహం చూసి మళ్ళీ సన్నగా తిప్పింది.

"ఇంత లెక్క వచ్చిన మనిషి, తమ్ముడొక్కడే పోతాడు అంటున్నారు. ఆ 'ఒక్కడే'ని ఏ ధరకి కట్టారు?"

ఆయన గట్టుమీద తడిగుడ్డ తీసి మడతపెట్టాడు.

"నేను ఈ ఇంటికి వచ్చేసరికి అతనికి చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు. నేను పెట్టేదాన్ని. ఇప్పుడు మెట్లమీద ఎదురైతే గోడవైపు జరిగి పోతున్నాడు. తోడికోడలు నిన్న పంచదార కోసం వీధి చివరిదాకా వెళ్ళొచ్చింది, నన్నడగడం ఇష్టంలేక. మీకు చెవిలో మోత. నాకు ఇంట్లో మౌనం. మీదానికైనా డాక్టరు ఉంది."

"కొంచెం ఓపిక పట్టు."

"పట్టాను. ఇక అయిపోయింది. మీరు చెప్పకపోతే సాయంత్రం నేనే మెట్లెక్కి చెప్తాను."

"ఎవరికీ చెప్పనని ఒట్టు వేశావు."

"మీ చెవిమీదే కదా వేశాను. అది ఎలాగూ చెడింది."

పెద్దాయనకి నవ్వొచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఆగింది. ఆవిడ నవ్వలేదు.

వ్యాన్‌లో పెట్టెలు ఎక్కించారు. తమ్ముడు నడుపుతున్నాడు. ఆదివారం కాబట్టి వీధులు ఖాళీగా ఉన్నాయి. అద్దాలు మూసి ఉన్నాయి. ఒకప్పుడు ఆయనకి వారంలో ఇష్టమైన గంట ఇదే. బజారు మూసి ఉన్నప్పుడు దుకాణానికి వెళ్ళి, ఎవరూ లేని నిశ్శబ్దంలో కొత్త సరుకు కొట్టి చూసుకోవడం. ఇప్పుడు ఆ నిశ్శబ్దమే ఆయనకి అప్పులవాడి మొహంలా ఉంది.

చెయ్యి చాచి రేడియో పెట్టాడు.

తమ్ముడు కట్టేశాడు. "పాటలు వినే సరదా బాగానే ఉంది నీకు."

 మిగతా దారంతా పెద్దాయన ఇంజను చప్పుడును పట్టుకుని కూర్చున్నాడు. ఎర్రదీపం దగ్గర ఇంజను నెమ్మదించినప్పుడల్లా మోత పైకొచ్చేది, బండి కదలగానే మునిగేది. నీళ్ళలో బంతిని అదిమిపెట్టినట్టుంది. చెయ్యి అలిసిపోతోంది.

దుకాణం షట్టరు సగం ఎత్తారు. లోపల గోడ పొడుగునా పళ్ళేలు, జాడీలు, కప్పులు, సాసర్లు గడ్డిలోనుంచి తలలు బయటపెట్టి చూస్తున్నాయి. వెనక కిటికీ పక్కన ఆయన బల్ల. దానిమీద గోనెగుడ్డ, ఒక చెక్క పుల్ల. పెన్సిలంత పుల్ల అది, నాన్న చేతినుంచి ఆయన చేతికొచ్చింది. గిన్నెను ఎడమచేతి వేళ్ళ కొసలమీద నిలబెట్టి, అంచున పుల్లతో తాకించి, చెవి దగ్గరకి తెచ్చుకుని వింటాడు. బాగున్న గిన్నె మోత సన్నబడుతూ సన్నబడుతూ చాలాసేపు సాగుతుంది. ఆ సాగేదాన్ని ఆయన తోక అంటాడు. నెర్రె ఉన్నదానికి తోక ఉండదు. మొదట అది కూడా టంగుమంటుంది, కానీ మధ్యలోనే తెగుతుంది. ఆ తెగడాన్ని పట్టుకోవడమే విద్యంతా.

కొత్తగా వచ్చిన ఇబ్బంది కూడా అక్కడే ఉంది. ఇప్పుడు ఆయన చెవిలో ఉన్న మోత, మంచి గిన్నె తోక ఉండే శ్రుతిలోనే ఉంది. గిన్నె మోత తెగినచోట చెవి మోత అందుకుంటుంది. అతుకు కూడా కనపడదు. మోత మొదలయ్యాక ఆయన కొట్టిన మొదటి సరుకు క్యాంటీన్‌ది. ఆ రోజున ప్రతి గిన్నెకీ తోక వినిపించింది. ఇంత మంచి సరుకు ఈమధ్య రాలేదని కంపెనీవాణ్ణి మెచ్చుకుని మరీ పంపించాడు.

క్యాంటీన్ ఆయన వంగి షట్టరు కిందనుంచి లోపలికొచ్చాడు. లావుపాటి మనిషి, చంకలో పెద్ద ఫ్లాస్కు.

"నమస్తే మామయ్యా. ఈసారి వేడినీళ్ళు నేనే తెచ్చుకున్నాను. మీమీద నమ్మకం లేక కాదు. మా మేనేజరుకి ఇంకో ప్యాంటు కొనే ఓపిక లేక."

"కూర్చోండి," అన్నాడు తమ్ముడు. "అన్నయ్య ఇప్పుడు మీ ముందే కొట్టి చూపిస్తాడు."

పెద్దాయన బల్ల దగ్గర కూర్చుని, పెట్టెలవైపు చూశాడు. ఆయన బుర్ర వ్యాపారి బుర్ర. తలుపు మూసినచోట కిటికీ వెతుక్కుంటుంది.

"కొట్టడం ఎందుకు?" అన్నాడు. "ఈ పెట్టెలు మొత్తం వెనక్కి తీసుకుంటాను. మంచీ చెడ్డా చూడను. అన్నీ మార్చి కొత్తవి ఇస్తాను. నష్టం నాది."

క్యాంటీన్ ఆయన మొహం విప్పారింది. "మామయ్య అంటే మామయ్యే. నేను సగమైనా మారుస్తారో లేదో అనుకుంటూ వచ్చాను."

తమ్ముడు మాత్రం అన్నకి దగ్గరగా వంగి, గొంతు తగ్గించి అన్నాడు. "అన్నీ మారుస్తున్నావంటే, అన్నీ తెలిసే పంపావన్నమాట."

 ఒక దెబ్బతో ఖాతాదారు దక్కాడు, అదే దెబ్బకి తమ్ముడు ఇంకో గజం దూరం జరిగాడు. అయినా గండం గడిచిందనే అనుకున్నాడు.

"ఒక్కటే మాట మామయ్యా," అన్నాడు క్యాంటీన్ ఆయన. "ఆ కొత్తవి మీ చేతులమీదుగానే కొట్టి ఇవ్వండి. ఇప్పుడే, ఇక్కడే. ఇంకెవరు కొట్టినా నేను తీసుకోను."

తమ్ముడు వెళ్ళి కొత్త పెట్టె తెచ్చి బల్ల పక్కన దింపాడు. గడ్డి తీసి, మొదటి గిన్నె అన్న చేతిలో పెట్టాడు. పెట్టేటప్పుడు కళ్ళలోకి సూటిగా చూశాడు.

పెద్దాయన పుల్ల తీసుకుని కొట్టాడు. మోగింది, సాగింది, సాగుతూనే ఉంది. పక్కన పెట్టాడు. రెండోది కొట్టాడు. అదీ అంతే. మూడోదాన్ని చెవికి ఆనించినంత దగ్గరగా తెచ్చుకుని, ఊపిరి బిగబట్టి విన్నాడు. గిన్నె ఎక్కడ ఆగిందో, తాను ఎక్కడ మొదలయ్యాడో తెలియలేదు.

ఈ గిన్నె కూడా ఎవరి చేతుల్లోనో రెండవుతుందేమో. ఈసారి ఒళ్ళు దక్కదేమో. అప్పుడు క్యాంటీన్ ఆయన వచ్చి నిలదీసేది టంగు మామయ్యని కాదు, ఆ బేరం తెచ్చిన తమ్ముణ్ణి. పొద్దున వంటింట్లో వేసుకున్న లెక్కలో ఈ పద్దు వేసుకోలేదు.

పుల్ల గోనెగుడ్డమీద పెట్టేశాడు.

"నాకు తెలియడం లేదు," అన్నాడు.

"ఏమిటి?" అన్నాడు తమ్ముడు.

"ఏది మంచిదో ఏది చెడ్డదో నాకు తెలియడం లేదు. నా చెవిలో ఒక మోత ఉంది. పగలూ రాత్రీ ఆగదు. ఏ గిన్నె కొట్టినా దాంట్లో కలిసిపోతుంది. నీ గిన్నెలు కావాలని పంపలేదురా. నాకు అన్నీ మంచివే అనిపించాయి."

షట్టరు బయట ఎవరో సైకిలు తోసుకుంటూ వెళ్ళారు. ఆ చక్రం చప్పుడు సన్నబడి సన్నబడి పోయింది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు తమ్ముడు.

"నెల దాటింది."

"డాక్టరుకి చూపించావా?"

"చూపించాను. ప్రమాదం లేదంది. అలవాటు పడాలంది."

"వదినకి తెలుసా?"

"తెలుసు."

తమ్ముడు తలాడించాడు. ఆ మొహంలో కోపం కరగలేదు, చోటు మారిందంతే. "అంటే ఇంట్లో పరాయివాణ్ణి నేనొక్కణ్ణే. ఫ్యాను గోడకి తిరిగింది అందుకా? రేడియో అందుకా? ఒక్క మాట చెబితే పోయేదానికి, నేను నెలరోజులు మా ఆవిడ దగ్గర నిన్ను తిట్టుకున్నాను. పాపం మూటగట్టించావు నాచేత. ఎందుకు చెప్పలేదు?"

పెద్దాయన దగ్గర దీనికి మంచి జవాబులు రెండు మూడు ఉన్నాయి. నిన్ను కంగారుపెట్టడం ఇష్టంలేక అనొచ్చు. తగ్గిపోతుందనుకున్నాను అనొచ్చు. అవన్నీ పైపూత మెరిసే సరుకు, లోపల నెర్రె.

"చెబితే ఆ పుల్ల నీ చేతికి ఇవ్వాల్సొస్తుంది," అన్నాడు. "అందుకు చెప్పలేదు."

 తమ్ముడు బల్లమీద పుల్లవైపు చూశాడు, మళ్ళీ చూపు తిప్పేసుకున్నాడు.

క్యాంటీన్ ఆయన ఫ్లాస్కు ఒక చంకలోనుంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "ఇంటి విషయాల్లో నేను దూరకూడదు. కానీ రేపు పొద్దున నా దగ్గర సూపు ఉంటుంది, గిన్నెలుండవు. ఇంతకీ ఎవరు కొడతారు?"

పెద్దాయన లేచాడు. కుర్చీ వెనక్కి జరిపి, పక్కనున్న ముక్కాలిపీట లాక్కుని దానిమీద కూర్చున్నాడు. బజారుకి వచ్చినప్పట్నుంచి ఆ కుర్చీలో ఆయన తప్ప ఎవరూ కూర్చోలేదు.

"నాకు రాదు," అన్నాడు తమ్ముడు. "నువ్వెప్పుడు ముట్టుకోనిచ్చావు దాన్ని?"

"కూర్చో. చెప్తాను."

తమ్ముడు కూర్చున్నాడు. కుర్చీ ఎత్తు కుదరక కాళ్ళు సర్దుకున్నాడు.

"గిన్నెను అలా గుప్పిట్లో పట్టుకోకు, గొంతు నొక్కేసినట్టే. వేళ్ళ కొసలమీద నిలబెట్టు. ఆఁ. కొట్టగానే వచ్చే మోతను నమ్మకు, అది అందరినీ మోసం చేస్తుంది. దాని తోక చూడు. మంచిది సన్నబడి సన్నబడి పోతుంది. చెడ్డది మాట మధ్యలో నోరు మూసుకున్నట్టు టక్కున ఆగుతుంది."

"నీలాగా," అన్నాడు తమ్ముడు.

క్యాంటీన్ ఆయన దగ్గు వచ్చినట్టు మొహం అటు తిప్పుకున్నాడు.

మొదటి గిన్నె మోగింది. తమ్ముడు విన్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి. "మంచిదే అనిపిస్తోంది. నువ్వొకసారి చూడు."

"నేను చూసి ఏం లాభం? నాకు అన్నీ మంచివే. నువ్వు ఏమంటే అది."

"మంచిది."

"సరే."

అంత చిన్న మాట అంత బరువుంటుందని పెద్దాయన అనుకోలేదు. ఇన్నేళ్ళలో ఇంకొకరి చెవిమీద గిన్నె దాటించడం ఇదే మొదలు. చేతులు ఊరుకోక గోనెగుడ్డ అంచు లాగుతూ కూర్చున్నాడు. తమ్ముడు ఒక్కో గిన్నే కొడుతుంటే ఆయన గిన్నెను వదిలేసి అతని మొహం చూడసాగాడు. మోత సాగుతున్నప్పుడు ఆ కళ్ళు ఎక్కడో దూరంగా నిలిచేవి. నాన్న కళ్ళు అచ్చం అలాగే నిలిచేవని గుర్తొచ్చింది. తన కళ్ళు ఎలా నిలిచేవో తనకి తెలియదు. చూసినవాడు తమ్ముడే.

కొన్ని దాటాక ఒకచోట తమ్ముడి చెయ్యి ఆగింది. మళ్ళీ కొట్టాడు. ఇంకోసారి కొట్టాడు.

"ఇది ఆగుతోంది," అన్నాడు నెమ్మదిగా.

పెద్దాయన చెయ్యి దానంతట అది ముందుకెళ్ళింది. దాన్ని వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పక్కన పెట్టు."

క్యాంటీన్ ఆయనకి ఆత్రం ఆగలేదు. ఫ్లాస్కు మూత తీసి ఆ గిన్నెలో వేడినీళ్ళు పోశాడు. ముగ్గురూ వంగి చూశారు. కాసేపటికి గిన్నె బయటివైపు, అంచు కింద, సన్నటి తడిగీత తేలింది.

 తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు మెచ్చుకుంటే అలాగే అయ్యేవి.

తరవాత పక్కన పెట్టినదాంట్లో ఎన్ని నీళ్ళు పోసినా గీత రాలేదు. "ఇది మంచిదేనా మరి?" అన్నాడు తమ్ముడు, మొహం వాల్చి.

"మంచిదాన్ని పక్కన పెడితే నష్టం మనకి. చెడ్డదాన్ని దాటిస్తే నష్టం ఆయన గిరాకీకి. మొదట్లో మనకే రానీ. నాన్న కూడా నన్ను అలాగే మొదలుపెట్టించాడు."

"మనకి అంటున్నావు," అన్నాడు తమ్ముడు గిన్నెవైపే చూస్తూ.

పెద్దాయన ఆ మాటను పట్టుకోలేదు. పట్టుకుంటే విరుగుతుందేమో అనిపించింది.

పెట్టె నిండింది. క్యాంటీన్ ఆయన దాన్ని రిక్షాలో వేసుకుంటూ పెద్దాయన చెయ్యి పట్టుకుని, "మీ చెవి సంగతి నేను ఎవరికీ చెప్పను మామయ్యా," అన్నాడు. అంటే సాయంత్రం టీ వేళకి బజారంతా తెలుస్తుందన్నమాట. పెద్దాయన నవ్వి తలాడించాడు. టంగు మామయ్య అనే పేరుని ఆ రిక్షాలోనే ఎక్కించి పంపించినట్టయింది.

అన్నదమ్ములు గడ్డి ఊడ్చి, పెట్టెలు వెనక్కి నెట్టి, దీపాలు ఆర్పారు. షట్టరు దించుతుంటే దాని గరగర ఆయన తల లోపల రంపంలా కోసింది. తమ్ముడు అది గమనించి, మిగతా సగం చేత్తో ఆపుకుంటూ మెల్లగా దించాడు.

"ఆ పక్క వీధి షట్టరు సంగతి?" అని అడిగాడు పెద్దాయన.

"దాని ఓనరు రేపటిదాకా ఆగుతానన్నాడు."

"ఏం చెప్తావు?"

తమ్ముడు తాళం వేసి, లాగి చూసి, మళ్ళీ లాగి చూశాడు. "నెలరోజులు నాకు చెప్పలేదు నువ్వు. నాకు ఒక్కరోజైనా ఇవ్వు. వదినకి ఫోన్ చేసి అయిపోయిందని చెప్పు, లేకపోతే సాయంత్రం ఆవిడ పైకెక్కుతుంది, మా ఆవిడ కిందికి దిగుతుంది, మధ్య మెట్లమీద మళ్ళీ మొదలవుతుంది."

అని వ్యాన్‌వైపు నడిచాడు. అతని చొక్కా జేబులోనుంచి చెక్క పుల్ల కొస బయటికి కనిపిస్తోంది. పరధ్యానంలో పెట్టుకున్నాడో, కావాలనే పెట్టుకున్నాడో తెలియదు. ఆ పుల్ల చేతిలో ఉంటే, ఈ పొద్దున నేర్చుకున్నది చెవిలో ఉంటే, మనిషి ఏ షట్టరు కింద కూర్చున్నా బతకగలడు. ఈ బల్ల దగ్గరైనా, పక్క వీధిలోనైనా.

పెద్దాయన అడగలేదు.

వ్యాన్ ఎక్కి కూర్చున్నాక, ఇంజను ఇంకా కదలకముందు, ఆ కొంచెంసేపు నిశ్శబ్దంలో మోత వచ్చి పలకరించింది. అప్పుడు ఆయనకి తట్టింది, ఇది ఇంతసేపూ ఎక్కడికి పోయిందని. తమ్ముడు గిన్నెలు కొడుతున్నంతసేపూ, తోక గురించి చెబుతున్నంతసేపూ, ఆ మొహం చూస్తున్నంతసేపూ చెవిలో ఏముందో ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఫ్యాను లేదు, రేడియో లేదు, పారే కుళాయి లేదు.

లెక్క చూసుకున్నాడు. పోయినవి: కుర్చీ, పుల్ల, బజారులో పేరు. తమ్ముడు పోయాడో ఉన్నాడో రేపు తేలాలి కాబట్టి అతన్ని ఏ పక్కనా వేయలేదు. వచ్చింది మాత్రం ఒకటే కనిపించింది: మోతను మర్చిపోయిన ఒక పొద్దు. డాక్టరమ్మ ఇచ్చిన ఒక్క మాటా అదే. దాన్ని లాభం కింద వేసుకుని, తమ్ముడు బండి తీసేదాకా కదలకుండా కూర్చున్నాడు.